బండి ‘మిస్సింగ్’ ఎందుకు కొడుతుంది?

పెట్రోలు కారులో ఘాటురోడ్డు ఎక్కుతున్నప్పుడు, ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు బండి ఒక్క కుదుపు ఇవ్వటం మీలో కొందరైనా గమనించే ఉంటారు. ఒక్క క్షణం వేగం తెగుతుంది, మళ్లీ మామూలుగా పోతుంది. రెండు మలుపులు తిరిగాక మళ్లీ అదే కుదుపు. డ్రైవరు పెదవి విరిచి, “బండి మిస్సింగ్ కొడుతోంది” అంటాడు. తీరా షెడ్డుకు తీసుకుపోతే అక్కడ ఇంజను ఎంతో బుద్ధిమంతుడిలా తిరుగుతుంది! బడి గంట కొట్టగానే వచ్చి, “సరే, ఇంట్లోనే ఉండు” అనగానే తగ్గిపోయే కడుపునొప్పి మీలో కొందరికి తెలియనిది కాదు గదా. ఇదీ దాదాపు అలాంటిదే. కాకపోతే ఇంజనుది దొంగనొప్పి కాదు. దానికి కారణం ఉంది, ఆ కారణం మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది.

ఈ జబ్బును చూసీ చూడనట్టు వదిలేస్తే ప్రమాదం. లారీని దాటబోతున్న సమయంలో ఇంజను బలం తగ్గిపోతే ఏమవుతుందో ఊహించండి. సరిగ్గా కనిపెట్టలేకపోతే వేరే నష్టం. ఒకటి తరవాత ఒకటిగా సామాన్లు మార్చుకుంటూ పోతే వేలకు వేలు ఖర్చవుతాయి, కుదుపు మాత్రం అలాగే ఉంటుంది. మరి సరిగ్గా కనిపెట్టటం ఎలా? అది తెలియాలంటే ముందు నిప్పురవ్వ సంగతి చూడాలి.

రవ్వ ఎన్నిసార్లు?

అంతర్దహన యంత్రంలో నాలుగు ఘాతాలుంటాయని చదువుకున్నారు: పీల్చటం, అణచటం, మండటం, వదలటం. ఈ నాలుగూ పూర్తయ్యేసరికి క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో సిలిండరులో రెండు చుట్లకు ఒకసారి స్పార్క్ ప్లగ్గు రవ్వ వెయ్యాలి.

ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు 50 చుట్లు. కాబట్టి ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 రవ్వలు వెయ్యాలి. గంటసేపు అదే వేగంతో పోతే 90,000 రవ్వలు! వాటిలో ఏ రవ్వా తప్పకూడదు. తప్పితే ఆ సిలిండరులోని పెట్రోలు ఆవిరి మండకుండానే పొగగొట్టంలోకి పోతుంది. పిస్టన్‌కు అందాల్సిన తోపు అందదు. మనకు తెలిసిన కుదుపు అదే. దీన్నే ఇంగ్లీషులో మిస్‌ఫైర్ అంటారు, మన మెకానిక్కుల భాషలో ‘మిస్సింగ్’.

రవ్వ ఒక్కటి ఉంటే చాలదని కూడా గుర్తుంచుకోండి. పెట్రోలు, గాలి సరైన పాళ్లలో కలవాలి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ మిశ్రమం బాగా అణగాలి. రవ్వ సరైన క్షణంలో పడాలి. వీటిలో ఏది తప్పినా మిస్సింగే. అందుకే ‘మిస్సింగ్ అంటే కాయిల్ పోయినట్టే’ అని ముందే తీర్పు చెప్పేవారి మాట నమ్మకూడదు. అయితే ఉండి ఉండి వచ్చే మిస్సింగ్‌లో కాయిల్ ముఖ్యమైన అనుమానితుడు అన్నమాట మాత్రం నిజం. ముందు దాని జాతకం చూద్దాం.

12 వోల్టులు 35,000 ఎలా అయ్యాయి?

కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు కొనల మధ్య ఉండే ఖాళీ సుమారు 1 మిల్లీమీటరు. మామూలు గాలిలో 1 సెంటీమీటరు ఖాళీని దాటాలంటే విద్యుత్తుకు దాదాపు 30,000 వోల్టులు కావాలి. 1 మిల్లీమీటరుకు 3,000. కాని సిలిండరులో ఉన్నది మామూలు గాలి కాదు, అణచిన గాలి. రవ్వ పడే వేళకు అది బయటి గాలి కంటే 8 రెట్లు సాంద్రంగా ఉందనుకుంటే, ముతక లెక్కకు 24,000 వోల్టులు కావాలి. 12 ఎక్కడ, 24,000 ఎక్కడ?

ఇక్కడ మనకు సాయపడేది 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ. ఈ పాఠం చెప్పినప్పుడల్లా “ఇది ఎక్కడ పనికొస్తుందండీ?” అని వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వస్తుంది. ఇదిగో, ఇక్కడ! తీగచుట్ట గుండా పోయే అయస్కాంత బలరేఖల సంఖ్య మారితే అందులో వోల్టేజి పుడుతుంది. ఎంత త్వరగా మారితే అంత ఎక్కువ వోల్టేజి. ఈ ‘త్వరగా’ అన్న మాటలోనే కిటుకంతా ఉంది.

ఇగ్నిషన్ కాయిల్‌లో ఒక ఇనుప కోరు చుట్టూ రెండు తీగచుట్టలుంటాయి. ఒకటి లావుపాటి తీగతో చుట్టిన ప్రాథమిక చుట్ట. రెండోది తల వెంట్రుకంత సన్నని తీగతో చుట్టిన గౌణ చుట్ట. మొదటిదానిలో 200 చుట్లు, రెండోదానిలో 20,000 చుట్లు ఉన్నాయనుకుందాం. నిష్పత్తి 100.

ఇక్కడ చాలామంది విద్యార్థులు చటుక్కున లెక్క కట్టేస్తారు. 12 వోల్టులను 100తో గుణిస్తే 1,200 వోల్టులు. కాని అది చాలదు గదా! మరి మిగతాది ఎక్కడనుంచి వచ్చింది?

జరిగేది ఇది. కంప్యూటరు ముందుగా ప్రాథమిక చుట్టలోకి విద్యుత్తు వదులుతుంది. రెండు మూడు మిల్లీసెకన్లలో ప్రవాహం మెల్లగా 7 ఆంపియర్ల దాకా పెరుగుతుంది. కోరులో అయస్కాంతక్షేత్రం నిండుతుంది. సరిగ్గా రవ్వ కావలసిన క్షణాన కంప్యూటరు ఆ విద్యుత్తును టక్కున తెంపేస్తుంది. నిండటానికి మిల్లీసెకన్లు పట్టిన అయస్కాంతక్షేత్రం కొన్ని పదుల మైక్రోసెకన్లలో కూలిపోతుంది. మార్పు అంత హఠాత్తుగా జరిగేసరికి ప్రాథమిక చుట్టలోనే 350 వోల్టుల దాకా పుడుతుంది. ఇప్పుడు గుణించండి: 350 × 100 = 35,000 వోల్టులు! విద్యుత్తు ఇచ్చినప్పుడు కాదు, ఆపినప్పుడు రవ్వ వస్తుందన్నమాట.

ఇంతా చేస్తే ఆ రవ్వలో ఉన్న శక్తి ఎంత? ప్రాథమిక చుట్ట ప్రేరకత్వం 3 మిల్లీహెన్రీలు అనుకుంటే, అందులో నిలవయ్యే శక్తి సగం × 0.003 × 7 × 7, అంటే సుమారు 0.07 జౌలు. నూరు గ్రాముల జామకాయను బెత్తెడు ఎత్తు లేపటానికి సరిపోయే శక్తి! అయినా పెట్రోలు ఆవిరిని అంటించటానికి అది చాలు.

ఈ రకం ప్రేరణ చుట్టను 1836లో ఐర్లండులోని మేనూత్ కళాశాల ఆచార్యుడు నికొలస్ కాలన్ తయారుచేశాడు. అప్పటికి మోటారుకార్లు లేవు. తరవాత అమెరికాలో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీతో నడిచే ఇగ్నిషన్ పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. 1912 మోడల్ కాడిలాక్ కారులో దాన్ని పెట్టారు. విద్యుత్తును తెంపే పనిని అప్పట్లో ‘పాయింట్లు’ అనే రెండు లోహపు ముక్కలు చేసేవి. 2014లో తయారీ ఆగిపోయిన మన అంబాసిడర్ల పాత బళ్లలో అవే ఉండేవి. అవి కాలి నల్లబడితే మెకానిక్ ఎమెరీ కాగితంతో రుద్దేవాడు. కొత్త కార్లలో ఆ పని ట్రాన్సిస్టరు చేస్తుంది. చాలావాటిలో ప్రతి ప్లగ్గు నెత్తిమీద ఒక కాయిల్ విడిగా ఉంటుంది.

ఉండి ఉండి ఎందుకు వస్తుంది?

ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. బల్బు మాడితే మాడుతుంది, లేకపోతే వెలుగుతుంది. మరి కాయిల్ చదును రోడ్డు మీద పనిచేసి, ఘాటురోడ్డు మీద మాత్రం ఎందుకు మొరాయిస్తుంది?

కాయిల్ నివాసం ఇంజను తల మీద. అక్కడి వేడి 100 డిగ్రీల దరిదాపులకు పోతుంది. బండి ఆపితే చల్లారుతుంది. ఇలా వేలసార్లు వేడెక్కి చల్లారుతుంది. రాగితీగ, ఇనుప కోరు, వాటిని పట్టి ఉంచిన ప్లాస్టిక్ వంటి బంధక పదార్థం వేడికి ఒకే రీతిగా వ్యాకోచించవు. క్రమంగా బంధకంలో కంటికి కనపడని బీట ఒకటి పుడుతుంది. లేదా ప్లగ్గు మీద తొడిగే రబ్బరు తొడుగు గట్టిపడి చిట్లుతుంది.

ఇప్పుడు గౌణ చుట్టలో పుట్టిన అధిక వోల్టేజి ముందు రెండు దారులున్నాయి. ఒకటి ప్లగ్గు ఖాళీ. రెండోది ఆ బీట గుండా పక్కనే ఉన్న ఇంజను లోహంలోకి దొంగదారి. ఏ దారి తక్కువ వోల్టేజికి తెరుచుకుంటే విద్యుత్తు ఆ దారినే పోతుంది. బీట 18,000 వోల్టులకు తెరుచుకుంటుందనుకుందాం.

చదును రోడ్డు మీద డ్రైవరు యాక్సిలరేటరు కొద్దిగానే తొక్కుతాడు. సిలిండరులోకి గాలి తక్కువ పోతుంది, అణచినా దాని సాంద్రత అంతంత మాత్రం. 10,000 వోల్టులకే ప్లగ్గు రవ్వ వేస్తుంది. వోల్టేజి 18,000 దాకా పెరిగే అవకాశమే రాదు కాబట్టి బీట సంగతి ఎవరికీ తెలియదు. ఘాటు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు బాగా తొక్కుతాడు. సిలిండరు నిండా గాలి. ఇప్పుడు ప్లగ్గుకు 24,000 కావాలి. కాని 18,000 దగ్గరే దొంగదారి తెరుచుకుంది! ప్లగ్గు దగ్గర రవ్వ లేదు. కుదుపు! షెడ్డులో ఖాళీగా తిరుగుతున్న ఇంజనుకు భారమే లేదు కాబట్టి అక్కడ జబ్బు కనపడదు.

ప్లగ్గును ఊడదీసి బయట గాలిలో రవ్వ వేయించి, “ఇదిగో, నిప్పు బాగానే వస్తోంది” అనటం మన షెడ్లలో పాత అలవాటు. ఆ పరీక్ష ఎందుకు చాలదో మీరే చెప్పగలరు. బయటి గాలిలో ఆ ఖాళీని దాటటానికి 3,000 వోల్టులు చాలు. కొనఊపిరితో ఉన్న కాయిల్ కూడా ఆ పరీక్షలో గెలుస్తుంది. పైగా అధిక వోల్టేజి దగ్గర, పెట్రోలు ఆవిరి దగ్గర ఆ ఆట ప్రమాదం కూడాను.

వానాకాలం ఉదయాలు మాత్రమే మిస్సింగ్ వచ్చి, పది నిమిషాలకు పోతే అదీ ఇలాంటిదే. బీటలోకి చేరిన తేమ దొంగదారిని సులువు చేస్తుంది. ఇంజను వేడికి తేమ ఆరిపోగానే దారి మూసుకుపోతుంది. మరో రకం ఉంది. వెంట్రుకంత తీగ లోపల ఎక్కడో తెగి, చల్లగా ఉన్నంతసేపు రెండు కొనలూ తాకుతూ ఉంటాయి. వేడెక్కి సాగగానే విడిపోతాయి. అలాంటి కాయిల్‌ను చల్లగా ఉన్నప్పుడు మీటరుతో కొలిస్తే నిరోధం సరిగ్గానే చూపిస్తుంది!

ఇంకో మాట. ప్లగ్గు అరిగేకొద్దీ దాని ఖాళీ పెరుగుతుంది. ఖాళీ పెరిగితే కావలసిన వోల్టేజి పెరుగుతుంది. కాయిల్ ప్రతి రవ్వకూ ఎక్కువ వోల్టేజి పుట్టించాలి, బంధకం మీద ఒత్తిడి పెరుగుతుంది. వంద రూపాయల ప్లగ్గు మార్చకపోవటం వల్ల వేల రూపాయల కాయిల్ పోయిందంటే ఆశ్చర్యం లేదు.

కంప్యూటరు ఎలా పసిగడుతుంది?

ఇప్పటి కార్లలో ఇంజనును నడిపే కంప్యూటరు మిస్సింగును దానంతట అదే గుర్తించి, ఏ సిలిండరులో వచ్చిందో కూడా రాసిపెట్టుకుంటుంది. సిలిండరులోకి తొంగిచూడకుండా దానికెలా తెలుస్తుంది? మీరే ఒక ప్రయోగం చేసి చూడండి.

సైకిలును స్టాండు వేసి వెనక చక్రం గాలిలో తిరిగేట్టు చూడండి. ఒక పాత పోస్టుకార్డును చట్రానికి కట్టి, దాని అంచు చువ్వలకు తగిలేట్టు పెట్టండి. చక్రం తిరిగితే ‘టకటకటక’ మని శబ్దం వస్తుంది. ఇప్పుడు చక్రాన్ని తిప్పి, టైరు మీద అరచేత్తో ఒకే లయలో తట్టుతూ ఉండండి. వేళ్లు చువ్వల మధ్యకు పోనీయకండి. శబ్దం సమంగా వస్తుంది. మీ స్నేహితుణ్ణి అటు తిరిగి కళ్లు మూసుకొమ్మని, మధ్యలో ఒక్క తట్టు మానండి. టకటకల మధ్య ఎడం కొంచెం పెరుగుతుంది. ఒకటి రెండుసార్లు విన్నాక మీ స్నేహితుడు, “ఇదిగో, ఇప్పుడు మానావు!” అని చూడకుండానే చెప్పగలుగుతాడు.

ఇంజనులోనూ ఇదే పని జరుగుతుంది. క్రాంక్ షాఫ్టుకు పళ్లచక్రం ఒకటి ఉంటుంది. చాలా కార్లలో దాని మీద 60 పళ్లకు చోటుండి, రెండు పళ్లు కావాలనే లేకుండా 58 ఉంటాయి. ఆ వెలితే లెక్కకు మొదలు. పక్కనున్న సెన్సారు ఒక్కో పన్ను దాటటానికి ఎంత కాలం పట్టిందో చెబుతూ ఉంటుంది. 3,000 చుట్ల వేగంలో ఒక పంటికి మిల్లీసెకనులో మూడోవంతు. నాలుగు సిలిండర్ల ఇంజనులో ప్రతి అరచుట్టుకూ ఒక సిలిండరు తోపు ఇస్తుంది. ఆ అరచుట్టుకు పట్టే కాలం 10 మిల్లీసెకన్లు. ఒక సిలిండరు తోపు ఇవ్వకపోతే ఆ అరచుట్టుకు మాత్రం రవంత ఎక్కువ కాలం పడుతుంది. వంతుల వరస చాలా ఇంజన్లలో 1, 3, 4, 2. ఏ వంతులో ఆలస్యమైందో చూసి కంప్యూటరు ఆ సిలిండరు పేరు రాసుకుంటుంది.

గతుకుల రోడ్డు మీద చక్రాలు ఎగిరిపడుతుంటే ఆ కుదుపులు గేర్ల గుండా క్రాంక్ షాఫ్టు దాకా పోయి లెక్కను గందరగోళం చేస్తాయి. అందుకని కొన్ని కార్లలో కంప్యూటరు చక్రాల వేగం చెప్పే సెన్సార్లను కూడా అడిగి, “ఇది రోడ్డు దోషమే, ఇంజనుది కాదు” అని తేల్చుకుంటుంది.

సంకేతం చదవటం

కంప్యూటరు రాసిపెట్టుకున్నదాన్ని చూడటానికి స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టు ఒకటి ఉంటుంది. అందులో స్కానర్ పెడితే ఒక అక్షరం, నాలుగు గుర్తులతో సంకేతాలు కనిపిస్తాయి. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి కార్లన్నిటికీ ఈ పద్ధతి తప్పనిసరి అయింది. తరవాత మన దేశానికీ వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బి.ఎస్.-6 ప్రమాణాలు దీన్ని మరింత కట్టుదిట్టం చేశాయి.

పి0303 అనే సంకేతం తీసుకోండి. ‘పి’ అంటే బండిని నడిపే భాగం, అంటే ఇంజను, గేర్ల వ్యవస్థ. తరవాతి 0 ఇది అన్ని కంపెనీలకూ ఉమ్మడి సంకేతమని చెబుతుంది. ఆ తరవాతి 3 ఇగ్నిషన్, మిస్సింగుల కుటుంబం. చివరి 03 మూడో సిలిండరు. పి0301 మొదటిది, పి0304 నాలుగోది. ఒక్క సిలిండరని కాకుండా చాలాచోట్ల వస్తే పి0300.

పి0351 నుంచి మొదలయ్యేవి వేరే రకం. ఇవి కాయిళ్ల విద్యుత్ వలయంలో దోషాన్ని చెబుతాయి. పి0353 అంటే మూడో కాయిల్ వలయం. ఈ రెంటికీ తేడా బాగా గమనించండి. పి0303 ‘మూడో సిలిండరులో తోపు రాలేదు’ అని మాత్రమే అంటుంది. ఎందుకు రాలేదో దానికి తెలియదు. జ్వరం ఉందని చెప్పే థర్మామీటరు లాంటిది. పి0353 ఇంకొంచెం దగ్గరగా వచ్చి, ‘నేను విద్యుత్తు వదిలినప్పుడు ఆ కాయిల్‌లో ప్రవాహం ఉండాల్సినట్టు లేదు’ అంటుంది. అయినా అదీ కాయిల్ చచ్చిందని చెప్పటం లేదు! సాకెట్టు వదులై ఉండవచ్చు, తీగ ఒరుసుకుపోయి ఉండవచ్చు, ఎలుక కొరికి ఉండవచ్చు. పి0351 నుంచి పి0354 దాకా నాలుగూ ఒకేసారి వస్తే? నాలుగు కాయిళ్లు ఒకే రోజు కూడబలుక్కుని చావవు గదా. వాటన్నిటికీ ఉమ్మడిగా విద్యుత్తు అందించే ఫ్యూజునో, తీగనో ముందు చూడాలి.

సంకేతాలు ఒక్కోసారి దారి తప్పించను కూడా తప్పిస్తాయి. మండని సిలిండరు నుంచి పెట్రోలుతో పాటు వాడకుండా మిగిలిన ఆక్సిజన్ కూడా పొగగొట్టంలోకి పోతుంది. అక్కడి ఆక్సిజన్ సెన్సారు దాన్ని చూసి, ‘గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలటం లేదు’ అని కబురు పంపుతుంది. అప్పుడు మిస్సింగ్ సంకేతం పక్కనే పి0171 అని, మిశ్రమంలో పెట్రోలు తక్కువైందనే సంకేతం కూడా రావచ్చు. పాపం, ఆ సెన్సారు అబద్ధం చెప్పలేదు, చూసింది చెప్పింది. నిజంగా గాలి గొట్టం చిల్లిపడి పెట్రోలు పాలు తగ్గినా ఇవే రెండు సంకేతాలు వస్తాయి. ఏది ముందు, ఏది వెనక అని తేల్చాల్సింది మనిషే.

నేరస్థుణ్ణి పట్టుకోవటం

ఒక కారు విశాఖపట్నం నుంచి అరకు ఘాటు ఎక్కుతూ కుదుపులిచ్చిందనుకుందాం. స్కానర్‌లో పి0303 వచ్చింది. మంచి మెకానిక్ వెంటనే సంకేతం చెరిపేయడు. దానితోపాటు కంప్యూటరు ఆ క్షణం పరిస్థితులను కూడా దాచి ఉంచుతుంది. ఇంజను 2,400 చుట్లు, భారం 88 శాతం, నీటి వేడి 93 డిగ్రీలు, బండి వేగం గంటకు 28 కిలోమీటర్లు అని ఉందనుకోండి. అంటే వేడెక్కిన ఇంజను, బరువైన ఎక్కుడు. చెరిపితే ఈ సాక్ష్యమంతా పోతుంది కాబట్టి ముందు కాగితం మీద రాసుకుంటాడు.

తరవాత మూడో కాయిల్‌ను తీసి రెండో సిలిండరు మీద, రెండోదాన్ని మూడో సిలిండరు మీద పెడతాడు. ఇంకేమీ ముట్టుకోడు. ప్లగ్గులు మార్చడు, ఇంజెక్టర్లు కడగడు. సంకేతం చెరిపి, బండిని మళ్లీ అలాంటి ఎక్కుడు మీద, అలాంటి వేడిలో నడుపుతాడు. షెడ్డు ముందు రెండు చుట్లు తిప్పితే లాభం లేదని మనకు ఇప్పుడు తెలుసు.

ఇప్పుడు పి0302 వచ్చిందా? దోషం కాయిల్ వెంట నడిచి వెళ్లింది, కాయిలే దోషి. మళ్లీ పి0303 వచ్చిందా? కాయిల్ నిర్దోషి. ఈసారి ప్లగ్గును తారుమారు చేసి చూడాలి. అదీ కాకపోతే ఇంజెక్టరు, ఆ తరవాత సిలిండరులో ఒత్తిడి కొలవటం.

మూడో సంభావ్యత ఒకటుంది. దాన్ని చాలామంది మరచిపోతారు. అసలు ఏ సంకేతమూ రాకపోవచ్చు! అప్పుడు ‘బాగయింది’ అని డబ్బు పుచ్చుకుని పంపేయటం తేలిక. కాని కాయిల్ మార్చేటప్పుడు దాని సాకెట్టును ఊడదీసి మళ్లీ బిగించారు. పిన్నుల మీది చిలుము ఆ రాపిడికి పోయి ఉంటుంది. అంటే అనుమానం సాకెట్టు మీదికి మళ్లాలి. ఇంజను తిరుగుతుండగా ఆ తీగల గుత్తిని బంధక చేతితొడుగుతో మెల్లగా కదిలించి చూస్తే, వదులు కలయిక ఉన్నచోట కుదుపు బయటపడుతుంది.

ఒకసారి ఒక్కటే మార్చటం, మిగతావన్నీ స్థిరంగా ఉంచటం. మీ ప్రయోగశాలలో ఓమ్ నియమం ప్రయోగంలో ఉష్ణోగ్రత మారకుండా చూసుకుంటారే, ఇదీ అదే. కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టరు మూడూ ఒకేసారి కొత్తవి వేసిన మెకానిక్ బండిని బాగుచేసి ఉండవచ్చు. ఏది చెడిందో మాత్రం అతనికి ఎప్పటికీ తెలియదు. బిల్లు కట్టేవాడికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

పాత బళ్లలో ఒక్కో ప్లగ్గు తీగనూ పీకి, ఏది పీకినప్పుడు ఇంజను శబ్దం మారదో చూసి చచ్చిన సిలిండరును కనిపెట్టేవారు. తెలివైన పద్ధతే. కాని ఇప్పటి కాయిళ్ల దగ్గర అలా చేయకూడదు. దారి దొరకని అధిక వోల్టేజి కాయిల్‌నో, కంప్యూటరునో పాడుచేయవచ్చు, మనిషికి గట్టి షాకు కొట్టవచ్చు. ఇంట్లో బండి ఉన్నవారు బానెట్ ఎత్తి ఈ పనులకు పూనుకోవద్దు. షెడ్డులో పక్కన నిలబడి చూడండి, ప్రశ్నలు అడగండి.

మిణుకుమనే దీపం

మీటర్ల మధ్య ఇంజను బొమ్మతో పసుపు రంగు దీపం ఒకటుంటుంది. దాని సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు మీరే చెప్పవచ్చు. మిస్సింగ్ ఒక ప్రయాణంలో కనపడితే కంప్యూటరు సాధారణంగా అనుమానంగా రాసుకుని ఊరుకుంటుంది. తరవాతి ప్రయాణంలోనూ కనపడితే దీపం వెలిగిస్తుంది. నిలకడగా వెలిగితే త్వరలో చూపించుకోవాలి. కాని దీపం మిణుకు మిణుకు మంటే మాత్రం సంగతి వేరు. వెంటనే యాక్సిలరేటరు తగ్గించి, వీలున్నచోట బండి పక్కన ఆపాలి.

ఎందుకంత తొందర? పొగగొట్టంలో ఉత్ప్రేరక పెట్టె ఒకటి ఉంటుంది. తేనెపట్టులా సన్నని గదులున్న పింగాణీ దిమ్మ మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. విషవాయువులను తక్కువ హానికరమైనవిగా మార్చటం దాని పని. మిస్సింగులో మండకుండా పోయిన పెట్రోలు, ఆక్సిజన్ రెండూ కలిసి ఆ పెట్టెలోకి వెళ్లి అక్కడ మండుతాయి. సిలిండరులో మండాల్సింది పెట్టెలో మండితే దాని వేడి వెయ్యి డిగ్రీలు దాటిపోవచ్చు. ఇది ఎక్కువసేపు సాగితే తేనెపట్టు కరిగి ముద్దవుతుంది. అప్పుడు పొగకు దారి ఉండదు, ఇంజనుకు ఊపిరి ఆడదు. ఎండుగడ్డి మీద అలాంటి బండిని ఆపితే గడ్డి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. ఒక్క కాయిల్ ధరతో పోయేది ఎన్నో రెట్లవుతుంది. దీపం మిణుకుమనేది దీన్ని చెప్పటానికే.

ఇప్పుడు మీకొక చిక్కుప్రశ్న

కొన్ని నాలుగు సిలిండర్ల కార్లలో నాలుగు కాయిళ్లుండవు, రెండే ఉంటాయి. 1, 4 సిలిండర్లకు ఒకటి. 2, 3 సిలిండర్లకు ఇంకొకటి. అలాంటి కారులో పి0301, పి0304 కలిసి వచ్చాయనుకోండి. ఆ రెండు సిలిండర్లూ చెరో చివర ఉన్నాయి, వాటిని కలిపేది కాయిల్ ఒక్కటే. కాబట్టి అనుమానం నేరుగా దాని మీదికే పోతుంది.

అదే కారులో పి0302, పి0303 కలిసి వచ్చాయి. ఈ రెంటికీ కాయిల్ ఒకటే. అంతేకాదు, ఇవి పక్కపక్క సిలిండర్లు. రెంటి మధ్య గాస్కెట్టు కాలిపోతే ఒకదాని ఒత్తిడి ఇంకొకదానిలోకి జారి రెండూ బలహీనపడతాయి. అనుమానితులు ఇద్దరు. రెండు కాయిళ్లూ ఒకే రకం, విడివిడిగా ఊడదీసి బిగించగలిగినవి. ఇంజను తల విప్పకుండా, ఒక్క ప్రయోగంతో ఇద్దరిలో ఎవరు దోషో ఎలా తేలుస్తారు? ఏ సంకేతాలు వస్తే ఏమని అర్థం? నాలుగు సిలిండర్లనూ వరసగా కాగితం మీద గీసుకుని, ఏ కాయిల్ ఎవరికో గీతలతో కలిపి ఆలోచించండి.